అరవై నాలుగు ముక్కల గొంతు

మా ఇంట్లో సామాన్ల గదికి కిటికీ లేదు. గోడల నిండా పాత దుప్పట్లు మేకులతో బిగించి, అందులోనే కంప్యూటర్ మీద డ్రమ్స్, పాట ముక్కలు కలిపి బీట్లు చేసుకుంటాను. మిట్టమధ్యాహ్నమైనా చీకటే. చెమ్మ వాసన ఒకటి. పక్క గదిలో అక్క, ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసొచ్చి నిద్రపోతోంది. అందుకే స్పీకర్ల వైరు పీకేసి హెడ్‌ఫోన్స్ తగిలించుకున్నాను.

పోయినసారి బీట్ల పోటీకి ఒక పాత పాటలోంచి నాలుగు సెకన్ల ముక్క, మా భాషలో శాంపిల్, ఉన్నదున్నట్టు తీసుకుని కింద డ్రమ్స్ వేశాను. జడ్జి అందరి ముందూ "దొంగ సరుకు" అన్నాడు. తల కొట్టేసినట్టయింది. ఈసారి బీటు ఇవాళ సాయంత్రం ఆరులోగా పంపాలి. నాదే అనిపించుకోవాలి, అంతే.

నాకు ఈ పని నేర్పింది రేడియోలు బాగుచేసే మా మామయ్య. "శాంపిల్ని అతికించడం కాదే పిల్లా, కొయ్యాలి. వరస మార్చు, తిరగెయ్యి, వేగం తగ్గించు. పాడిన మనిషే వచ్చి విన్నా తన గొంతని పోల్చుకోకూడదు" అనేవాడు.

పాత సామాన్ల కొట్లో, పేరు చీటీ ఊడిపోయిన గ్రామఫోన్ రికార్డొకటి దొరికింది. వాయిద్యాలేం లేవు. ఎవరో ఆవిడ కూనిరాగం తీస్తోంది. కంప్యూటర్లోకి ఎక్కించి పదహారు ముక్కలు చేశాను. తొమ్మిదోది ముందుకు తెచ్చాను, మూడోది తిరగేశాను. ప్లే నొక్కితే... మొదటినుంచి చివరిదాకా, అతుకే తెలియకుండా, ఆవిడ రాగమే. తెర మీద ముక్కలు మాత్రం నేను పెట్టినట్టే ఉన్నాయి.

మళ్ళీ కోశాను. ముప్పై రెండు. మళ్ళీ అదే రాగం... కాస్త దగ్గరగా. హెడ్‌ఫోన్స్ లోపల, చెవికి వెచ్చగా ఊపిరి తగిలింది.

తలుపు తెరుచుకుంది. అక్క. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవరే ఆవిడ?" గుసగుసగా అడిగింది.

"ఎవరు?"

"నా మంచం పక్కన నిలబడి పాడుతోంది... ఆపమను."

స్పీకర్ల వైరు వంక చూశాను. పీకేసింది పీకేసినట్టే నేల మీద ఉంది.

అబద్ధమెందుకు, భయమేసింది. దాంతోపాటే ఒళ్ళూ మండింది. దొంగ అని ఒకసారి అనిపించుకున్నది చాలదా? ఇప్పుడు ఈవిడ కూడా నన్ను దొంగని చేస్తుందా?

"చూడమ్మా," అన్నాను చీకట్లోకి. "నీ పాట నాకొద్దు. గొంతు చాలు. పాడాలనుంటే నా తాళానికి పాడు. లేదంటే నోర్మూసుకో."

"ఆవిడతో గొడవెందుకే..." అక్క నా చెయ్యి పట్టుకుంది. విదిలించుకున్నాను.

డ్రమ్స్ పెట్టాను. గొంతుని అరవై నాలుగు ముక్కలు చేశాను. ప్లే. రాగం తడబడింది... మళ్ళీ అందుకోబోయింది... కోశాను. పక్క గదిలో ఏదో దభీమని పడింది. కోశాను. ఆఖరికి ఆ గొంతు, ఊపిరితో సహా, నా డ్రమ్ము దెబ్బకి సరిగ్గా తాళంలో పడింది.

ఆరుకి అయిదు నిమిషాల ముందు పంపాను. ఆ రాత్రే ఫలితం, గెలిచాను. ఆ జడ్జే ఫోన్ చేశాడు. "గొంతెవరిదో ఎంత విన్నా పట్టుకోలేకపోయాను. బీటు నీదే" అన్నాడు. ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

మర్నాడు అక్క ఎదుటే రికార్డు పెట్టాను. కూనిరాగం లేదు. నా గొంతుంది. సన్నగా కోసి, వరస మార్చి, నేనెప్పుడూ పాడని పాట కట్టారెవరో. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చివర్లో ఒక కేక. నాదే.

ఆ కేక నేనింకా వెయ్యలేదు.

వెయ్యను.