నూరు గింజల సాక్ష్యం

పొద్దున్న ఏడున్నరకి ఎవరో తలుపు బాదారు. ప్రైవేటు డిటెక్టివ్ కాఫీ గ్లాసు కింద పెట్టేలోపే ఒక వంటమనిషి లోపలికి వచ్చి కుర్చీలో కూలబడింది. చేతులకు ఆకుకూర పసరు ఇంకా ఆరలేదు.

“అమ్మా, పన్నెండింటికి కమిటీ కూర్చుంటుందట. నన్ను దొంగని తేల్చేసి మా భోజనశాల మూసేస్తారట.”

ఊళ్లో అందరూ కళ్లద్దాలావిడ అని పిలిచే ఆ డిటెక్టివ్, నెమ్మదిగా చెప్పమంది.

“మాది చవక భోజనశాలమ్మా. కూలీలు, ముసలివాళ్లు, బాలింతలు, రోజుకి మూడొందల మంది తింటారు. చాలామందికి కడుపు నిండేది మా శనగల కూరతోనే. రెండు నెలలుగా కూర నీళ్లలా ఉంటోంది. ఇరవై కిలోలు తూచి నా చేతికిస్తున్నామంటారు. నేను వచ్చేసరికే తూకం అయిపోతుంది. ఇదివరకు గంగాళం పిడుల దాకా వచ్చే గింజలు ఇప్పుడు సగానికే ఆగిపోతున్నాయి. నా పిల్లల మీద ఒట్టు, నేను ఒక్క గింజ తియ్యలేదు.”

కళ్లద్దాలావిడ మేనల్లుడు అప్పటికే చెప్పులు వేసుకున్నాడు. నలభై దాటి, బట్టతల వచ్చినా, అత్త వెంట కేసుకి వెళ్లడమంటే అతనికి పండగే.

భోజనశాల స్టోరుగది ముందు కమిటీ అధ్యక్షురాలు, రిటైరైన పెద్ద టీచరు నిలబడి ఉంది. పక్కనే స్టోరుకీపరు, నడుముకి తాళంచెవి. ఆరోజు తూచిన శనగలు తొట్టిలో అలాగే ఉన్నాయి.

“తూకం ఎప్పుడు వేస్తారు?” అని అడిగింది కళ్లద్దాలావిడ.

“ఇదివరకు సాయంత్రం తూచి నానబోసేవాణ్ణండి. ఎవరికీ అనుమానం రాకూడదని రెండు నెలలుగా పొద్దున్నే టీచరుగారి ఎదుట తూస్తున్నాను.”

“రాత్రి స్టోరులోకి ఎవరైనా వెళ్లగలరా?”

“చీమ కూడా దూరదండి. తాళం నా దగ్గరే.”

“ఇలాంటి నిజాయితీపరుడు దొరకడం మా అదృష్టం,” అంది పెద్ద టీచరు.

మేనల్లుడు నీరసపడిపోయాడు. “అత్తా, అయితే వంటమనిషే తీసిందేమో.”

“ఒరేయ్, ఆ త్రాసు పళ్లెం తడిమి చూడు.”

చూశాడు. వేలికి తడి, దానితోపాటు ఒక శనగపొట్టు. ఏమీ అర్థం కాలేదు గానీ అత్త కళ్లు మెరవడం చూసి మళ్లీ హుషారయ్యాడు.

పన్నెండయింది. బయట వరసలో పళ్లేలు చప్పుడు చేస్తున్నాయి. లోపల కమిటీ అంతా కూర్చుంది. కళ్లద్దాలావిడ బస్తాలోంచి నూరు ఎండు శనగలు ఏరి ఒక పళ్లెంలో పోసింది. పొద్దున్న తొట్టిలోంచి తీసిపెట్టిన నూరు నానిన గింజలు రెండో పళ్లెంలో పోసింది. నానినవైపు పళ్లెం ఠక్కున కిందికి దిగింది. ఎండు గింజలు ఒక్కొక్కటే వేస్తూ పోయింది. మొత్తం దాదాపు రెండు వందలయ్యాకగాని ముల్లు నిలబడలేదు.

“నానితే శనగ ఇంచుమించు రెట్టింపు తూగుతుంది. ఈయన పది కిలోలు నానబోసి, పొద్దున్న ఇరవై తూచి చూపించాడు. మీ కళ్లెదుట తూచడమే ఆయన వేసిన ఎత్తు. ఈ కమిటీలో ఇంట్లో శనగలు నానబోసేవాళ్లెవరు?”

అందరూ పైకప్పు వైపు చూశారు.

“రోజూ నానిన గింజ పట్టుకునేది ఈవిడొక్కతే. తూకం ఇంకా సాయంత్రమే, ఎండు గింజలకే వేస్తున్నారనుకుని తన కళ్లనే శంకించుకుంది. గింజలు తగ్గింది తాళం పడిన గదిలో. మిగతా పది కిలోలు ఏవి?”

“మా బావమరిది కొట్లో,” అన్నాడు స్టోరుకీపరు చివరికి.

పెద్ద టీచరు లేచి అతని నడుము నుంచి తాళంచెవి తీసుకుంది. “నన్ను క్షమించమ్మా,” అంటూ దాన్ని వంటమనిషి అరచేతిలో పెట్టింది.

వంటమనిషి ఏడ్చింది. తర్వాత బయటి వరస వైపు చూసి కొంగుతో మొహం తుడుచుకుంది.

“రేపటికి ఎన్ని నానబొయ్యమంటారు?”

“పిడుల దాకా వచ్చేటన్ని,” అంది పెద్ద టీచరు. “నీ కన్ను చెప్పిందే తూకం.”