బీరువా తలుపుల తాత

ఆ వీధి చివరి షెడ్డు ముందు చీకటి పడ్డాక ఇప్పటికీ ఎవరూ నిలబడరు. సైకిల్ గొలుసు ఊడినా సరే, నాలుగిళ్ళు దాటాకే దిగి ఎక్కించుకుంటారు. దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. కానీ ఆ సంగతి దెయ్యాలకి తెలియాలి కదా — అందుకని నేనూ అంతే. అక్కడ జరిగిందంతా ఆ షెడ్డున్న ఇంటి నాయనమ్మ ఎదురింటి దర్జీకి చెబితే, ఆయన నాకు చెప్పిందే.

షెడ్డు ఆమె భర్తది. వడ్రంగి. బతికున్నన్నాళ్ళూ మనవణ్ణి, "రారా, పక్కన కూర్చుని చూడు" అని పిలుస్తూనే ఉండేవాడట. వాడు ఒక్కనాడూ రాలేదు. ఆయన పోయిన ఏడాదికి వచ్చాడు — కళాకారుడై!

తాత చేత్తో చేసిన బీరువా కోసి, ఆ చెక్కలతోనే నిలువెత్తు తాత బొమ్మ చేస్తానన్నాడు. కళా ప్రదర్శన పెట్టేవాళ్ళు వచ్చి చూసి మెచ్చితే పేరు. లేదంటే మామయ్య టైర్ల కొట్లో పని. నాయనమ్మ బీరువాలోని తన చీరలన్నీ మూటగట్టుకుని, "కానివ్వరా, నువ్వు బాగుపడితే అంతే చాలు" అంది.

బొమ్మ నిలబెట్టిన రాత్రి నుంచి మొదలైంది... షెడ్డులో ఎవరో తట్టడం.

ముసలాయన బీరువా వెతుక్కుంటున్నాడని వీధి తేల్చేసింది.

ప్రదర్శన వాళ్ళు వచ్చే ముందు రాత్రి, మనవడు షెడ్డులోనే పడుకున్నాడు. బయట ఎండు చలిగాలి.

ట...క్.

ఫోను వెలిగించాడు. ఎవరూ లేరు. బొమ్మ మాత్రం చూస్తోంది.

టక్... ఈసారి బొమ్మ గుండెల్లోంచి!

"తాతా..." చేతులు జోడించాడు. "తప్పయిపోయింది తాతా..."

ఫెళ్ళున చీలింది బొమ్మ — నుదుటి నుంచి గడ్డం దాకా.

వెనక నుంచి భుజం మీద ఒక చెయ్యి పడింది. చల్లగా... ఎముకల్లా...

"తాత కాదురా," అంది నాయనమ్మ గుసగుసగా. "జిగురు."

వాడి చేతిలోని ఫోను లాక్కుని పగులు మీదికి వెలుగు పట్టింది.

"తలుపు చట్రంలో పలకని ఆయన జిగురు పెట్టకుండా, సందు వదిలి కూర్చోబెట్టేవాడు. వానలకి ఉబ్బుతుంది, ఎండు గాలికి కుంచించుకుపోతుంది. చెక్క కదలాలిరా. నువ్వు సందు లేకుండా జిగురు పోసి బిగించేశావు. కదల్లేక టక్కుటక్కున పగులుతోంది."

"మరి ముందే చెప్పచ్చుగా!"

"బీరువా ఇస్తావా అని అడిగావు. ఆయన ఎలా చేసేవాడని అడగలేదుగా."

తెల్లారింది. ప్రదర్శన వాళ్ళు వచ్చారు. పగులు ముందు ఆగి, తలలు పక్కకి వాల్చి, కళ్ళు చికిలించి...

"అబ్బ! ప్రాణమంతా ఈ చీలికలోనే ఉందండీ. ఎలా తట్టింది మీకు?"

నాయనమ్మ మనవడి మొహంలోకి చూసింది.

"చెక్క కదలాలండీ," అన్నాడు వాడు, గొంతు సవరించుకుని. "కావాలనే సందు లేకుండా బిగించాను."

"భలే! ఎవరి దగ్గర నేర్చుకున్నారు?"

"ఎవరి దగ్గరా లేదండీ... సొంతంగానే."