పిల్లతల్లి దొరువు

1961. ఎండాకాలం. కత్తిరి ఎండలు మొదలైన రోజులు.

వాకాడుకు తూర్పున ఏరు దాటితే, ఏటికీ సముద్రానికీ నడుమ పొడుగాటి ఇసుక దిబ్బ ఉంది. దాని ఉత్తరపు కొసన తాటిచెట్ల మధ్య ఒక పాత దొరువు. ఇసుకలో గొయ్యి తవ్వి ఊటనీళ్ళు ముంచుకుంటామే, అదే దొరువు. దాన్ని పిల్లతల్లి దొరువు అనేవాళ్ళు.

ఎప్పుడో గాలివాన ఏడు, చంకన బిడ్డతో నీళ్ళకొచ్చిన మనిషి గట్టు విరిగి అందులోనే పూడిపోయిందట. చీకటి పడితే ముంత ముంచే చప్పుడు... ఆ వెనకే పసిబిడ్డ గొంతు... ఆ నీళ్ళు ముట్టుకున్న ఇంట్లో ఉయ్యాల ఊగదని చెప్పుకునేవాళ్ళు. పగలు కూడా అటు ఎవరూ పోరు.

నేను దెయ్యాల్ని నమ్మను. ఎవరెంత చెప్పినా నమ్మను. ఇది మా పల్లె ముత్యాలయ్య తన నోటితో చెప్పినాడు కాబట్టి రాస్తున్నాను. ఆ ఏడు నేను దిబ్బకు పోలేదు. కోట ఊరి బజారులో మూటలు మోస్తున్నాను.

ప్రతి ఎండాకాలం మా కుప్పంలో, అంటే మా జాలరిపల్లెలో, సగం ఇళ్ళు పడవెక్కి ఆ దిబ్బకు పోయేవి. తాటాకు పాకలు వేసుకుని, చేపలు ఎండబెట్టుకుంటూ, తొలివానల దాకా అక్కడే. పొద్దుగూకితే పొత్తుకూడు. ఒక ఇంట్లో సంకటి, ఒక ఇంట్లో పులుసు, ఒక ఇంట్లో ఎండురొయ్యల వేపుడు. కుండలన్నీ నడుమ పెట్టి అందరూ చుట్టూ కూర్చునేవాళ్ళు. ఎవరి కుండలోది వాళ్ళు ముందు తినకూడదు, పక్కింటిది తినాలి. అట్లా తిన్నవాళ్ళ మధ్య దాపరికం ఉండకూడదని కట్టుబాటు.

ఆ ఏడు అందరికన్నా ముందు ఖాళీ అయ్యే కుండ పేరమ్మది. పేరమ్మ ముత్యాలయ్యకు సొంత వదిన, అన్న మాలకొండయ్య పెళ్ళాం.

"ఏం మందు కలపతుండావే పేరా? నా మొగుడు నా సంకటి మొహం చూడకుండా నీ పులుసుకుండ చుట్టూనే తిరగతుండాడు!" అంది ఆదిశేషమ్మ.

"నీ మొగుణ్ణి గుంజకు కట్టేసుకో అత్తా. ఉన్నోడితోనే నేను చస్తుండా" అంది పేరమ్మ.

అందరూ నవ్వినారు. మాలకొండయ్య కూడా నవ్వినాడు.

కొన్నాళ్ళకు పాకల దగ్గరున్న దొరువు ఉప్పు తేలింది. కొత్తగా ఎక్కడ తవ్వినా ఉప్పే. మంచినీళ్ళకని అవతలి ఒడ్డుకు పంపిన పడవ దక్షిణపు గాలికి తిరిగి రాలేకపోయింది. ఆ గాలిలో తెప్పల మీద ఏరు దాటడం కుదరని పని. పెద్దవాళ్ళు ఆ ఉప్పునీళ్ళే కాచుకుని, ముక్కు మూసుకుని తాగినారు.

ముత్యాలయ్య బిడ్డ మాత్రం తట్టుకోలేదు. ఇంకా పాకే వయసు. తల్లి కామమ్మకు పాలు ఇంకిపోయినాయి. బిడ్డకు ఆ నీళ్ళు పోస్తే వాంతులు, బేదులు. కళ్ళు లోపలికి పోయినాయి. ఏడిస్తే కన్నీళ్ళు కూడా రావడం లేదు.

ముత్యాలయ్య బిడ్డనెత్తుకుని అన్న దగ్గరికి పోయినాడు.

"అన్నా... పిల్లతల్లి దొరువులో చూస్తే?"

మాలకొండయ్య బిడ్డ తల నిమిరినాడు. "పిచ్చోడా! ఆ నీళ్ళు ముట్టుకుంటే ఉండే బిడ్డ కూడా పోతాది. రేపు గాలి తిరగతాది, పడవ వస్తాది. ఓర్చుకో."

అన్న మాట. ముత్యాలయ్య ఓర్చుకున్నాడు.

ఆ రాత్రి కామమ్మ బిడ్డను ఒళ్ళో వేసుకుని గొణిగినట్టు అంది:

"అది దెయ్యమైనా బిడ్డతల్లే గదా... పోయి అడుగు."

ముత్యాలయ్య పొత్తుకూటిలో మిగిలిన సంకటిముద్ద ఆకులో చుట్టుకున్నాడు. కుండ భుజాన పెట్టుకుని ఉత్తరానికి నడిచినాడు.

చంద్రుడు లేడు. ఇసుక మాత్రం మసకగా తెల్లగా కనబడుతోంది. పాకలు వెనకబడినాయి... అలల మోత ఒక్కటే. తాటిమట్టలు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి—

బుడుంగ్...

ముంత ముంచిన చప్పుడు.

వెనక్కి తిరగబోయినాడు. బిడ్డ కళ్ళు గుర్తొచ్చినాయి. తిరగలేదు.

ఇంకొంచెం ముందుకు...

దొరువు గట్టు మీద ఒక ఆడమనిషి. తల మీదుగా తెల్లటి గుడ్డ. చంకలో బిడ్డ. వంగుతోంది... లేస్తోంది... వంగుతోంది...

బిడ్డ కుయ్యిమంది.

ముత్యాలయ్య మోకాళ్ళ మీద పడినాడు. ఆకు విప్పి ముద్దను ఇసుక మీద పెట్టినాడు.

"అమ్మా... ఇది మా పొత్తుకూడు. తిను. తిన్నాక నువ్వు మాదానివే. మా బిడ్డకు గుక్కెడు నీళ్ళియ్యి తల్లీ..."

ఆ మనిషి కదల్లేదు. ముంత నీళ్ళలోనే ఆగిపోయింది.

చంకలోని బిడ్డ మాత్రం తల తిప్పి చూసింది. చెయ్యి చాపింది.

"చిన్నాయనా!"

ఆ గుడ్డ కింద నించి సన్నగా మాట వినిపించింది.

"ఎవురికీ చెప్పబాక మరిదీ..."

ముత్యాలయ్య నాతో అన్నాడు: "అది దెయ్యమే అయ్యుంటే నేను బతికిపోయుందును అబ్బయా" అని.

పేరమ్మ ఉన్నమాట చెప్పింది. అంతకు ముందేడు ఎండల్లో ఆ దొరువు పూడిక తీసి చూసింది మాలకొండయ్యే. నీళ్ళు తియ్యగా ఉన్నాయి. ఎవరికీ చెప్పలేదు. పాత కథ ఉండనే ఉంది. ఎవరైనా మరిచిపోతున్నారనిపిస్తే తానే మళ్ళీ గుర్తుచేసేవాడు.

"ఊట తక్కువ మరిదీ. పది ఇళ్ళు వచ్చి పడితే ఒక్క పూటకు ఎండిపోతాది. నాకూ పిల్లలుండారు గదా..."

"రోజూ ఒక్కచోట కూర్చోని తింటిమి గదా వదినా."

"నేనేమన్నా దాచుకుని తిన్నానా?" పేరమ్మ గొంతు ఈసారి పెద్దదైంది. "ఈ నీళ్ళతోనే గదా పులుసు కాచి మీకందరికీ పోసినా!"

"నా బిడ్డ పులుసు తాగతాదా వదినా?"

పేరమ్మ తన బిందె ఎత్తి అతని కుండలోకి వంచింది. ముత్యాలయ్య ఆ కుండతో పరుగెత్తినాడు.

కామమ్మ వేలు తడిపి చప్పరించింది. తీపి. మొగుడి మొహం చూసింది. "తల్లి ఇచ్చిందా?" అనడిగింది.

"వదిన ఇచ్చింది."

కామమ్మ తెల్లవార్లూ గుడ్డపీలిక తడిపి బిడ్డ నోట్లో పిండుతూ కూర్చుంది.

తెల్లవారి మాలకొండయ్య వచ్చి పాక బయట నిలబడినాడు. "లోపలికి రాబాక అన్నా" అన్నాడు ముత్యాలయ్య. అంతవరకూ అన్నకు ఎదురు చెప్పి ఎరగడు. ఆ గొంతుకు చుట్టుపక్కల పాకలన్నీ బయటికి వచ్చినాయి. సంగతి తెలిసింది. ఉన్న కుండలన్నీ ఎత్తుకుని ఉత్తరానికి పరుగెత్తినారు. పేరమ్మ చెప్పింది నిజమే. అందరూ ముంచేసరికి దొరువులో బురద మిగిలింది.

ఆ సాయంత్రం కుండ తెచ్చి నడుమ పెట్టినవాళ్ళు లేరు. ఎవరి పొయ్యి దగ్గర వాళ్ళు తిన్నారు. మా కుప్పం మళ్ళీ ఏ ఏడూ పొత్తుకూడు పెట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం గాలి తిరిగింది. పడవ నిండుగా మంచినీళ్ళు వచ్చినాయి. ముత్యాలయ్య బిడ్డ ఆ పొద్దున్నే, ఎండెక్కక ముందే పోయింది.