క్లిప్పులో ఇరికించిన తాడు

లిఫ్ట్ మెకానిక్‌కి ఆ ఉదయం కాలు ఒకచోట నిలవడం లేదు. ఈసారి పడవ పందెంలో తన కాటమరాన్‌లో, అంటే రెండు దోనెలు కలిపి కట్టిన తెరచాప పడవలో, జతగా ఎవరు కూర్చోవాలో పళ్ళ డాక్టరు ఇవాళే తేల్చేస్తానంది. అతను ఎక్కిన రెండుసార్లూ పడవ బోల్తా కొట్టింది. రెండుసార్లూ ఆమె అన్నయ్యే మోటారు బోటు వేసుకొచ్చి లేపాడు. మళ్ళీ అన్నయ్య చెయ్యి వేయాల్సి వస్తే ఇంకొకర్ని చూసుకుంటానని ఆమె నవ్వుతూనే చెప్పింది. ఆ నవ్వు అతనికి నిద్ర లేకుండా చేసింది. పందెం ఎటు పోయినా ఫరవాలేదు గానీ, ఆమె పక్కన చోటు పోతే ఎలా?

పడవ ఒడ్డు వదిలింది. చుక్కాని ఆమె చేతిలో, తెరచాప తాడు ఇతని చేతిలో. గాలి విసురుగా వస్తే తాడు వదిలేయాలని, భయంతో బిగబట్టేవాళ్ళే పడవని ముంచుతారని ఆమె వంద సార్లు చెప్పింది. అతను బుద్ధిగా తలూపాడు. కానీ మనసులో మాట చెప్పేటప్పుడు చేతిలో తాడుండటం మర్యాద కాదనిపించింది. తాడుని క్లిప్పులో ఇరికించి, జుట్టు సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు.

"డాక్టర్ గారూ, నేను..."

దూరంగా గాలి విసురుకి నీళ్ళు నల్లబడటం ఆమె చూసింది. "తాడు వదులు" అంది. వదలడానికి తాడు చేతిలో ఉంటేగా! అతను క్లిప్పుతో కుస్తీ పడుతుండగానే ఒక దోనె గాల్లోకి లేచింది. మరుక్షణం ఇద్దరూ నీళ్ళలో ఉన్నారు.

ఆమె ముందు అతని తల కోసం వెతికింది, తర్వాత తాడు కోసం. క్లిప్పు విప్పి, పడవ ముక్కుని గాలివైపు తిప్పి, పైకి లేచిన దోనె మీంచి ఇంకో తాడు విసిరింది. కింది దోనె మీద నిలబడి, ఆ తాడు పట్టుకుని ఒళ్ళంతా వెనక్కి వాల్చింది. పడవ కదల్లేదు. ఆమె ఒక్కదాని బరువు చాలదు. అతను పక్కన చేరి వాలాడు. అటునుంచి అన్నయ్య బోటు చప్పుడు దగ్గరపడుతోంది.

"మీరంటే నాకిష్టం. తాడు అందుకే కట్టేశాను" అన్నాడు, ఇంకేం చేయలేక.

"ఇంకా వెనక్కి వాలు" అంది ఆమె.

తెరచాప నీళ్ళు కారుస్తూ మెల్లగా లేచింది. కిందికి గాలి దూరగానే పడవ ఒక్కసారిగా నిలబడింది. ఇద్దరూ దోనెల్ని కలిపే మధ్య కమ్మీకి వేలాడి, ఎలాగో పైకి పాకారు. పెళ్ళిచూపుల్లో కూర్చున్నవాడిలా అతను తల వంచుకున్నాడు.

అన్నయ్య బోటు ఆపి, లాగమంటారా అని అడిగాడు.

"అక్కర్లేదు. ఈసారి మేమే లేపుకున్నాం. పందెంలో నా జత ఇతనే" అందామె. అతను తలెత్తేలోపు ఇంకో మాట కలిపింది. "నాకూ ఇతనంటే ఇష్టం. ఇంట్లో నాన్నకి నువ్వే చెప్పాలి."

అన్నయ్య అతన్ని ఎగాదిగా చూసి, నిదానంగా బోటు వెనక్కి తిప్పాడు.

"చెప్తాలే" అన్నాడు. "ముందు బావగారిని కుదురుగా కూర్చోమను."