పదికి తొమ్మిది

తలుపు తెరుచుకోదు!

తక్కెడ భుజంతో ఒక్క గుద్దు గుద్దుతాడు. ఇంకొకటి. మూడో గుద్దుకి గడియ ఊడి ఎగిరిపోతుంది. దాంతోపాటు అతనూ వెళ్ళి వెనక సందులో, చెత్త డబ్బాల మధ్య పడతాడు.

వాడి పారేసిన గ్లౌజులు... తడిసిన దూది... ఏదో జిగట.

ఛీ!

లేచి పరిగెడతాడు. చొక్కా లోపల దాచిన కవరు చెమటకి పొట్టకంటుకుపోయింది.

వెనక బూట్ల చప్పుడు. ఇద్దరు. ఒకడు బట్టతల, ఇంకొకడు గళ్ళ చొక్కా. పది నిమిషాల క్రితం ఇదే స్కానింగ్ సెంటర్‌లో, పేషెంట్ల మధ్య బుద్ధిమంతుల్లా కూర్చుని ఉన్నారు.

"ఆగరా!"

ఆగడానికి అతనికేమన్నా పిచ్చా?

సందు మలుపులో ఫోన్ జారి కింద పడుతుంది. వంగబోతాడు... గళ్ళ చొక్కా చెయ్యి కాలర్‌కి తగులుతుంది! విదిలించుకుంటాడు. కాలర్ చిరుగుతుంది. ఫోన్ పోతే పోయింది.

మెయిన్ రోడ్డు. ఎండ కళ్ళలో గుచ్చుకుంటోంది. కదులుతున్న ట్యాక్సీ తలుపు లాగి లోపలికి దూకుతాడు.

"పోనివ్వు! స్టేడియం పక్కన పెద్ద హోటల్!"

డ్రైవర్ అద్దంలో చూసి ముక్కు మూసుకుంటాడు.

"ఏం కంపు సార్ ఇది?"

"ముందు పోనివ్వయ్యా బాబూ!"

టైమ్ మూడూ ఇరవై.

తక్కెడకి అసలు పేరొకటి ఉంది. ఆ సంగతి జీతం ఇచ్చేవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు. స్పోర్ట్స్ ఛానెల్లో అతని పని ఒక్కటే. రెండు ఫుట్‌బాల్ జట్లు ఆటగాళ్ళని మార్చుకుంటే, ఎవరికి లాభమో, ఎవరికి నష్టమో తూచి చెప్పడం. ఒక్కో జట్టుకి పదికి ఇన్ని అని మార్కులు వెయ్యడం. పదేళ్ళుగా మనుషుల్ని తూస్తూనే ఉన్నాడు, బియ్యం బస్తాల్ని తూచినట్టు.

ఇవాళ సాయంత్రం ఐదింటికి మార్పిడి గడువు ముగుస్తుంది. ఈ సీజన్‌కల్లా పెద్ద మార్పిడి ఇవాళే. ఎర్ర జట్టు తన గోల్‌కీపర్‌ని నీలి జట్టుకి ఇస్తోంది. బదులుగా నీలి జట్టు తన కుర్ర స్ట్రైకర్‌ని ఇస్తోంది. ఆ గోల్‌కీపర్‌ని జనం తాళం అంటారు. అతను నిలబడితే గోల్‌కి తాళం పడ్డట్టే.

పొద్దున తొమ్మిదింటికి తక్కెడ టీవీలో చిటికేసి మరీ చెప్పాడు. ఎర్ర జట్టుకి ఆరు, నీలి జట్టుకి తొమ్మిది. లాభం నీలి జట్టుదే.

ఎప్పుడూ మెడికల్ రిపోర్ట్ చదివాకే మార్కులు వేస్తాడు. ఇవాళ ప్రొడ్యూసర్ తొందరపెడితే ముందు మార్కులు వేసి తర్వాత చదివాడు. వెధవ పని!

రిపోర్ట్‌లో అంతా బాగుంది. ఒక్క అంకె తప్ప.

పల్స్, నిమిషానికి ఎనభై ఆరు.

పన్నెండేళ్ళు మైదానంలో పరిగెత్తినవాడి గుండె, మంచం మీద పడుకుంటే యాభైకి మించి కొట్టుకోదు. ఎనభై ఆరంటే రెండంతస్తులెక్కితే ఆయాసపడే తక్కెడలాంటివాడిది. ఆ గుండె తాళానిది కానే కాదు!

అందుకే స్కానింగ్ సెంటర్‌కి వెళ్ళాడు. యంత్రం దగ్గర కూర్చునే అమ్మాయి మొదట నాకేం తెలీదంది. తర్వాత ఏడ్చేసింది.

"మా వాచ్‌మన్‌ది సార్. పడుకోమంటే పడుకున్నాడు. ఏసీ గది కదా... నిద్రపోయాడు కూడా."

"మరి తాళం గుండె?"

ఆ అమ్మాయి సొరుగు తీసి, అసలు రిపోర్ట్ ఉన్న ఈ కవరు ఇచ్చింది. "గుండె గోడ ఎంత మందమైపోయిందో చూడండి సార్. ఆ గుండెతో ఆయన ఇన్నాళ్ళు ఆడటమే ఎక్కువ. ఈ ఆదివారం మ్యాచ్ ఆడితే... నాకు అన్నం సయించట్లేదు సార్!"

అంతలో తలుపు దగ్గర బట్టతల కనిపించాడు.

ట్యాక్సీలో తక్కెడ పళ్ళు కొరుకుతాడు. చచ్చిపోయేవాణ్ణి మంచి సరుకని అంటగడతారా? ఎర్ర జట్టు ఇంతకి దిగజారిందా? పాపం, నీలి జట్టు నిలువునా మునిగిపోతోంది!

ముందు అక్కకి చెప్పాలి.

అక్క నీలి జట్టు డాక్టర్. అమ్మ పోయాక తనకి తల దువ్వి బడికి పంపిన అక్క. ఈ లోకంలో అతను కళ్ళు మూసుకుని నమ్మేది ఆమె ఒక్కదాన్నే.

* * *

హోటల్ పదకొండో అంతస్తు. చివరి గదిని మెడికల్ రూమ్‌గా మార్చారు. టైమ్ నాలుగూ పది.

అక్క తెల్లకోటులో కూర్చుని ఏదో రాసుకుంటోంది. తలెత్తి చూసి ముఖం చిట్లిస్తుంది.

"ఏంట్రా ఆ అవతారం? ఆ వాసనేంటి?"

"అక్కా! నీకు టోపీ పెట్టారు!"

కవరు బల్ల మీద పడేస్తాడు. గబగబా అంతా చెప్పేస్తాడు. వాచ్‌మన్, ఎనభై ఆరు, బట్టతల, గళ్ళ చొక్కా. అక్క ఒక్కో కాగితం తిప్పి చూస్తుంది. తొందరపడదు. చివరి కాగితం దాకా చూసి, మడిచి, మళ్ళీ కవర్లో పెడుతుంది.

"కూర్చో. మంచినీళ్ళు తాగు."

"నీళ్ళేంటక్కా! టైమ్ లేదు!"

"నాకెవరూ టోపీ పెట్టలేదురా."

"అంటే?"

"వాచ్‌మన్‌ని పడుకోబెట్టమంది నేనే."



తక్కెడ నవ్వబోతాడు. నవ్వు రాదు. అక్క ఇలాంటి జోకులు వెయ్యదు. అసలు జోకులే వెయ్యదు.

"కొనేది మీరు కదక్కా... పాడైన సరుకుని మీరెందుకు కొంటారు?"

"పాడైంది కాబట్టే."

అక్క గొంతు మామూలుగా ఉంది. చిన్నప్పుడు ఎక్కాలు చెప్పిన గొంతే.

"ఎర్ర జట్టుకి స్ట్రైకర్ కావాలి. మా అప్పులు తీరే దారి మాకు కావాలి. తాళం మా ఆటగాడు అవగానే కొత్త పాలసీ. గుండె మంచిదని రిపోర్ట్ ఉంది కాబట్టి ఇన్సూరెన్స్ వాళ్ళు కళ్ళకద్దుకుని ఇచ్చారు. మా చొక్కా వేసుకుని అతను ఎక్కడ పడిపోయినా సరే... మా క్లబ్ నిలబడుతుంది. క్లబ్‌లో నాకూ వాటా ఉంది."

"ఐదింటికి కదా సంతకాలు? నేను ఆపేస్తా!"

"సంతకాలు మధ్యాహ్నం పన్నెండింటికే అయిపోయాయి. పాలసీ కూడా. ఐదింటికి జరిగేది ఫొటోల కోసం."

తక్కెడ బల్ల మీది కవరు వంక చూస్తాడు.

"ఎవరికి లాభమో చెప్పడమే కదరా నీ ఉద్యోగం? రాసుకో. రెండు జట్లకీ లాభమే. ఇలాంటి మార్పిడి నీకు మళ్ళీ దొరకదు."

"మనిషి చచ్చిపోతాడక్కా!"

"ఎప్పుడో ఒకప్పుడు పోయే గుండే అది. కాస్త పరుగు, కాస్త కంగారు... అంతే." అక్క పెన్ను మూత పెడుతుంది. "అన్నట్టు, నీకు థాంక్స్ చెప్పాలి. ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట అంత విలువకి ఒప్పుకోలేదు. పొద్దున నీ ప్రోగ్రామ్ చూపించాం. పదికి తొమ్మిది! ఇంకేం మాట్లాడలేదు."

అతను వాష్‌బేసిన్ దగ్గరికి పరిగెత్తి భళ్ళున కక్కేస్తాడు. పొద్దున తాగిన కాఫీ. చేదు. పదేళ్ళుగా వేసిన మార్కులన్నీ గొంతులో అడ్డుపడ్డట్టుంది. ఎదురుగా అద్దంలో తన ముఖం. ఆ ముఖం చూస్తే అసహ్యం. వెనక నుంచుని టవల్ అందిస్తున్న ఆ చెయ్యి చూస్తే ఇంకా అసహ్యం. ఆ చేత్తోనే కదా తనకి అన్నం తినిపించింది!

టవల్ విసిరికొడతాడు.

"తాళానికి చెప్తా. ఇప్పుడే చెప్తా!"

"చెప్పుకో."

"ఏంటి?"

"ఇదే ఫ్లోర్‌లో ఉన్నాడు. అటు చివరి గది. వెళ్ళి చెప్పు." అక్క ఫోన్ తీస్తుంది. "నిన్ను ముట్టుకోవద్దని మావాళ్ళకి చెప్తాలే. నా తమ్ముడివి. నీ ఒంటి మీద దెబ్బ పడితే నేను ఊరుకోను. ఆ కవరు కూడా నువ్వే తీసుకెళ్ళు."

కవరు తీసి అతని జేబులో తనే కుక్కుతుంది. చిరిగిన కాలర్ సర్దబోతుంది.

చెయ్యి తోసేసి బయటపడతాడు.

* * *

తాళం మంచం మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. తలుపుకి సరిపడా మనిషి. ఒంటి మీద కొత్త నీలం చొక్కా, మడతలు ఇంకా పోలేదు.

"రా అన్నా! పదికి తొమ్మిదేశావంట? ఆ ఒక్క మార్కు ఎక్కడ కోశావ్? పెనాల్టీలు సరిగ్గా ఆపట్లేదనా?"

తక్కెడ తలుపు మూస్తాడు. కవరు తీసి చేతిలో పెడతాడు. నాలుగు ముక్కల్లో చెప్పేస్తాడు.

తాళం నవ్వు ఆగిపోతుంది.

"పోయిన నెల ప్రాక్టీస్‌లో కళ్ళు తిరిగి పడ్డానన్నా. నీళ్ళు తక్కువ తాగావన్నారు..."

"అబద్ధం చెప్పారు!"

"మా పాప వచ్చింది కింద. ఫొటో దిగుదామని. వాళ్ళమ్మ కూడా..." గుండె మీది నీలం చొక్కా గుప్పిట్లో పట్టుకుంటాడు. "నాతో ఒక్కళ్ళన్నా... ఒక్కళ్ళన్నా చెప్పాలి కదన్నా!"

"పద! ఆస్పత్రికి పోదాం. వేరే డాక్టర్‌కి చూపిద్దాం. పద!"

కవరు తిరిగి జేబులో పెట్టుకుని తలుపు తీస్తాడు.

వరండా చివర, లిఫ్ట్ ముందు... బట్టతల! పక్కనే గళ్ళ చొక్కా!

ఇద్దరూ ఇటే చూస్తున్నారు. గళ్ళ చొక్కా చెయ్యి జేబులోకి వెళ్తుంది.

"మెట్లు! మెట్ల వైపు!"

తాళం చెయ్యి పట్టుకుని లాగుతాడు. ఇనప తలుపు గుద్దుకుని బయటికి. సిమెంట్ మెట్లు. దుమ్ము, సున్నం వాసన.

పది...

తొమ్మిది...

"త్వరగా! త్వరగా!"

"వస్తున్నా అన్నా!"

ఎనిమిది! తక్కెడ రెండేసి మెట్లు దూకుతున్నాడు. అయినా చెయ్యి వదలడు. ఎలాగైనా వీణ్ణి బతికించాలి. ఇన్నేళ్ళలో ఒక్క మనిషినన్నా తూచకుండా కాపాడాలి.

ఏడు... ఆరు...

"అన్నా... ఒక్క నిమిషం..."

"ఆగొద్దు! వెనకే వస్తున్నారు!"

ఐదు!

మలుపులో తాళాన్ని ముందుకి తోసి, తను తల తిప్పి పైకి చూస్తాడు.

ఎవరూ రావట్లేదు.

పదకొండో అంతస్తు కమ్మీ మీద మోచేతులు ఆనించి ఇద్దరూ కిందికి వంగి చూస్తున్నారు. తీరిగ్గా. గళ్ళ చొక్కా జేబులోంచి తీసింది వేరుశనక్కాయల పొట్లం. ఒక్కొక్కటే ఒలుచుకుని తింటున్నాడు.

వీళ్ళు పరిగెత్తట్లేదేంటి?

ఎందుకు...

కాస్త పరుగు. కాస్త కంగారు.

అక్క మాట మళ్ళీ తక్కెడ చెవిలో పడినట్టవుతుంది.

"ఆగు! తాళం, ఆగు! కూర్చో! పరిగెత్తకు!"

ఆలస్యమైపోయింది.

తాళం అప్పటికే నాలుగో అంతస్తు దాటాడు. చెయ్యి ఛాతీ మీద ఉంది. ఏదో చెప్పబోయి నోరు తెరుస్తాడు. అంతలోనే అంత పెద్ద మనిషీ కాళ్ళు మడతపడి ముందుకి ఒరిగిపోతాడు.

ధడ్!

తక్కెడ మీద పడి ఛాతీ నొక్కుతాడు. ఎక్కడ నొక్కాలో తెలీదు. నొక్కుతాడు. నొక్కుతూనే ఉంటాడు. నీలం చొక్కా కింద ఏమీ కదలదు.

"లే! లేవయ్యా! మీ పాప కింద ఉంది! లే!"

మూడో అంతస్తు ఇనప తలుపు తెరుచుకుంటుంది. అక్క. లిఫ్ట్‌లో దిగి వచ్చింది. ఆయాసం లేదు, చెమట లేదు.

మోకాళ్ళ మీద కూర్చుని రెండు వేళ్ళు తాళం మెడ మీద పెడుతుంది.

"ఏదో ఒకటి చెయ్యక్కా! నీ కాళ్ళు పట్టుకుంటా! చెయ్యి!"

అక్క వాచీ చూసుకుంటుంది. అలా చూస్తూనే ఉంటుంది. చాలాసేపటికి వేళ్ళు తీసేస్తుంది.

"నాలుగూ నలభై ఒకటి."

"నువ్వు చంపావ్! నువ్వే చంపావ్!"

"గట్టిగా అరవకు. పైన చూడు."

గోడ మూల మీద కెమెరా. చిన్న ఎర్ర దీపం.

"ప్రతి అంతస్తులో ఒకటుంది. మావాళ్ళు ఒక్క మెట్టు కూడా దిగలేదు. ఆయన ఆగుతానంటే ఆగనివ్వకుండా లాక్కెళ్ళింది నువ్వు." అక్క అతని జేబు మీద వేలితో తడుతుంది, మెల్లగా. "ఆ గుండె సంగతి తెలిపే కాగితాలున్నది కూడా నీ దగ్గరే."

కింద నుంచి అడుగుల చప్పుడు. చాలామంది. ఫొటోలవాళ్ళు, హోటల్ వాళ్ళు. వాళ్ళ మధ్యలోంచి ఒక చిన్నపిల్ల గొంతు. "నాన్నా! నాన్నా!"

అక్క ఒక్కసారిగా తాళం ఛాతీ మీదకి వంగి రెండు చేతులతో బలంగా నొక్కడం మొదలుపెడుతుంది. జుట్టు ముడి ఊడిపోతుంది. గొంతు చీలేలా కేకపెడుతుంది.

"అంబులెన్స్! ఎవరైనా అంబులెన్స్ పిలవండి! వద్దు వద్దంటున్నా వినలేదండీ... నా తమ్ముడే... నా సొంత తమ్ముడే ఆయన్ని పరిగెత్తించి చంపేశాడు!"

ఆమె కళ్ళ నుంచి నిజంగానే నీళ్ళు కారుతున్నాయి.