మూడు అంగుళాలు తక్కువ

"లేవండి, లేవండి! ఆ సోఫా కొనేవారిది!"

ఇంటి పెద్దాయన కేకకి, ప్లాస్టిక్ కవరు తొడిగిన సోఫాలోంచి మేస్త్రి ఉలిక్కిపడి లేచాడు. కొనేవారెవరో వస్తున్నారేమోనని గుమ్మం వైపు చూశాడు. ఎవరూ లేరు. ఎందుకొచ్చిన గొడవలే అని వంటింటి గుమ్మం పక్కనున్న చెక్కపీట మీద కూర్చోబోయాడు.

"లేవండి. అది నాది," అంది లోపల్నుంచి ఇంకో గొంతు.

ఇంట్లో అడుగుపెట్టి రెండు నిమిషాలు కాలేదు, అప్పుడే రెండుసార్లు లేపేశారు. పని ఒప్పుకోకుండా వెళ్ళిపోదామనుకున్నాడు. ఈలోగా రెండో గొంతు తాలూకు మనిషి బయటికొచ్చింది. మెళ్ళో కళ్ళద్దాల షాపు ఐడీ కార్డు, చేతిలో గరిటె. ఎత్తు అతని భుజానికి కాస్త కింద. మేస్త్రి పని ఒప్పేసుకున్నాడు.

వంటిళ్ళు కట్టేవాళ్ళలో అతని పేరు 'అంగుళం'. ఏడేళ్ళలో ఏ అరా, ఏ గట్టూ అంగుళం కూడా తేడా రాలేదని అతని గొప్ప. ఆ గొప్ప చెప్పుకునేటప్పుడు మాత్రం కొలతలేమీ పాటించేవాడు కాదు.

ఇంటి పెద్దాయన ఇన్సూరెన్స్ ఆఫీసులో రిటైరైన మనిషి. రిటైరైన మర్నాడే ఒక పత్రికలో 'అమ్మబోయే ఇంటికి విలువ పెంచడం ఎలా' అనే శీర్షిక చదివాడు. అంతే, ఆ రోజు నుంచి ఇంట్లో తండ్రీ కూతుళ్ళతో పాటు మూడో మనిషి కాపురం పెట్టాడు. ఆయనే కొనేవారు. అప్పటికింకా అమ్మకానికి ప్రకటనైనా ఇవ్వలేదు. అయినా కొనేవారికి ముదురు రంగులు గిట్టవని గోడలన్నిటికీ తెలుపూ కాని, పసుపూ కాని ఒక రంగు పూయించారు. కొనేవారికి మొహమాటంగా ఉంటుందని పెద్దాయన పెళ్ళిఫొటో బీరువాలోకి వెళ్ళింది. కొనేవారి కోసం బాత్‌రూంలో స్నానాల తొట్టి పెట్టించారు. తండ్రీ కూతుళ్ళు దాని పక్కనే నిలబడి బకెట్‌తో స్నానం చేస్తున్నారు.

ఇప్పుడు వంటింటి వంతు.

"గట్టు ముప్పై నాలుగు అంగుళాలుండాలి. కొనేవారికి అదే స్టాండర్డ్," అన్నాడు పెద్దాయన.

"కొనేవారు అంత పొడుగా నాన్నా?" అంది కూతురు పీటెక్కి కూర కలుపుతూ.

"వండేవాళ్ళ మోచేతికి నాలుగు అంగుళాలు కిందకి ఉండాలి మేడమ్," అన్నాడు మేస్త్రి. "ఎవరు వండుతారో తెలియనప్పుడు ముప్పై నాలుగు పెట్టేస్తాం."

"తెలియనివాళ్ళ కోసం కట్టడమే మా ఇంట్లో స్టాండర్డ్ లెండి," అని ఆమె నవ్వింది. మేస్త్రి చెవి వెనక పెట్టుకున్న పెన్సిల్ కోసం జేబులన్నీ వెతుక్కున్నాడు.

మూడు వారాలు పని సాగింది. పాత గట్టు పగలగొట్టేశారు కాబట్టి ఆమె పెరటి వరండాలో వంట చేసేది, అదే పీట, అదే నవ్వు. గట్టూ, గ్రానైటూ అయిపోగానే పెద్దాయన వాటి మీద కాగితాలు కప్పేసి, కొనేవారు చూసేదాకా ఎవరూ ముట్టుకోవద్దని తలుపేసేశాడు. ఇక మేస్త్రికి ఆ ఇంటికి రావడానికి పనేమీ మిగల్లేదు. అయినా వచ్చాడు.

"సొరుగు ఒకసారి చూద్దామని."

"నిన్న కూడా అదే సొరుగు చూశారుగా?"

"నిన్న లాగి చూశాను. ఇవాళ తోసి చూస్తాను."

"మీకు దగ్గరి చూపు బానే ఉంది," అందామె అతన్ని ఎగాదిగా చూసి. "దూరం చూపే లేదు. ఆదివారం ఇల్లు చూడ్డానికి వస్తున్నారు. నచ్చితే మేం వెళ్ళిపోతాం. అప్పుడు ఎవరి సొరుగు తోస్తారు?"

మేస్త్రి చెప్పాల్సిన మాట చెప్పబోయి, సొరుగు వైపు తిరిగాడు. "ఒక స్క్రూ వదులైందండీ," అన్నాడు చివరికి. ఆమె విసురుగా లోపలికి వెళ్ళిపోయింది. దారిపొడుగునా తనని తాను తిట్టుకుంటూ ఇంటికి చేరాడు.

ఆదివారం కొనేవారు నిజంగానే వచ్చారు, ఒకరు కాదు, ఇద్దరు. మొగుడూ పెళ్ళాలు ఇద్దరూ తాటిచెట్లంత ఉన్నారు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కాగితం తీసి, గట్టు మీదికి వంగి, నడుం పట్టుకుని లేచింది.

"ఎవరి కోసం కట్టారండీ ఇది?"

తొట్టి కూడా చూడకుండా వెళ్ళిపోయారు. పెద్దాయన ఫోన్ చేసిన పది నిమిషాల్లో మేస్త్రి వానలో తడుస్తూ వచ్చి నిలబడ్డాడు.

"కొలువు!" అన్నాడు పెద్దాయన.

కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. టేపు తిరగేసి కొలిచాడు. ముప్పై ఒకటి. నోట్‌బుక్ తీశాడు. అందులోనూ, తన చేతిరాతతోనే, శుభ్రంగా ముప్పై ఒకటి.

"నేనేం చెప్పాను?"

"ముప్పై నాలుగు సార్."

"మరి అంగుళం తేడా రాదన్నావు! మూడు అంగుళాలు! ఇంటి విలువంతా గంగలో కలిపావు కదయ్యా!"

మేస్త్రికి తలెత్తే మొహం లేదు. అప్పుడే కూతురు టీ పెడదామని గిన్నె పట్టుకుని వచ్చింది. అలవాటు కొద్దీ కాలితో పీట లాక్కుని ఎక్కింది. గట్టు మరీ కిందికి పోయింది. ఆశ్చర్యంగా చూసి పీట దిగింది. నేల మీద నిలబడి గిన్నె గట్టు మీద పెట్టింది. మోచేయి మడిచి చూసుకుంది. కిందకి సరిగ్గా నాలుగు అంగుళాలు.

"నన్నెప్పుడు కొలిచారు?" అంది మెల్లగా.

"కొలవలేదండీ, ఒట్టు! మీ దగ్గర టేపు తీసే ధైర్యం నాకెక్కడిది?"

"మరి ముప్పై ఒకటి ఎలా వచ్చింది?"

"చూశానంతే," అన్నాడు. ఇక దాచడం అతని వల్ల కాలేదు. "రోజూ చూశాను. ముప్పై నాలుగే రాస్తున్నాననుకున్నాను. మీరంటే ఇష్టమండీ. ఇది పగలగొట్టి మళ్ళీ కట్టేస్తాను."

ఊళ్ళో సగం మంది కళ్ళు పరీక్ష చేసిన మనిషికి, ఆ క్షణాన ఎటు చూడాలో తెలియలేదు.

పెద్దాయన మాత్రం పీట వైపే చూస్తున్నాడు.

"వాళ్ళమ్మ పోయేనాటికి దీనికి పదేళ్ళు," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. "అప్పుడెక్కింది ఆ పీట. ఇన్నేళ్ళూ దిగలేదు. నేను చూళ్ళేదు. ఊరూ పేరూ లేని కొనేవారి మోచెయ్యి ఎక్కడుంటుందో మాత్రం నాకు బాగా తెలుసు."

కళ్ళు తుడుచుకుని వెళ్ళి, ప్లాస్టిక్ కవరు చించేసి సోఫాలో కూలబడ్డాడు.

"ఆ గట్టు మీద సుత్తి పెట్టావంటే ఊరుకోను," అన్నాడు అక్కణ్ణుంచే. "అమ్మాయ్, ముగ్గురికీ పెట్టు టీ. ఏమయ్యా అంగుళం, రేపు మీ అమ్మానాన్నల్ని ఓసారి రమ్మను."

"వంటిల్లు గురించా సార్?"

"వంటింట్లో మనిషి గురించి!"

మేస్త్రి కూర్చోడానికి చోటు వెతికాడు. సోఫా వైపు చూశాడు. అది కొనేవారిదని గుర్తొచ్చి ఆగాడు. పీట వైపు చూశాడు. అది ఎవరిదో కూడా గుర్తొచ్చింది.

ఆమె నవ్వు ఆపుకుంటూ కాలితో పీటని అతని వైపు తోసింది.

"కూర్చోండి," అంది. "నాకిక అక్కర్లేదు."