గాలి ఆపిందెవరు?

"నన్ను చంపడానికి చూస్తున్నారు మేడమ్. అది కాకపోతే నాకు పిచ్చెక్కుతోంది. రెంటిలో ఏదో మీరే తేల్చి చెప్పాలి."

పొద్దున్నే ఆఫీసు తలుపు తెరిచీ తెరవకముందే లోపలికి వచ్చి, కుర్చీ అంచున కూర్చున్న మనిషి నోట వచ్చిన మొదటి మాట ఇది. బట్టతల, చొక్కా జేబులో టెస్టరు, గోళ్ళ సందుల్లో వదలని గ్రీజు. మంచినీళ్ళ గ్లాసు చేతికిస్తే సగం ఒంటిమీదే పోసుకున్నాడు. డిటెక్టివ్ కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఆయన్నే చూస్తోంది. ఆమె అసిస్టెంటు అప్పటికే పెన్ను మూత తీశాడు. మేడమ్ దగ్గర చేరినప్పటినుంచీ అతని కోరిక ఒక్కటే. ఏదో ఒక కేసులో ఆమెకన్నా ముందు తాను దోషిని పట్టుకోవాలి. ఇంతవరకూ ప్రతిసారీ పప్పులో కాలేస్తూనే ఉన్నాడు.

వచ్చినాయన ఊరి బయట కొండమీది రేడియో ట్రాన్స్‌మిటర్‌ని చూసుకునే ఇంజనీరు. స్టేషన్లో అందరికీ టవర్ బాబాయి. ఊళ్ళో స్టూడియోలో ఎవరెంత మాట్లాడినా, కొండమీద ఈయన మిషను నడిస్తేనే జనానికి వినపడేది.

"ఇన్నేళ్ళలో నా మిషను నోరు మూసుకున్న రోజు లేదు మేడమ్. ఈమధ్య మధ్యాహ్నం పూట ఉన్నట్టుండి ఆగిపోతోంది. 'గాలి తగ్గింది' అని ఎర్రలైటు వెలుగుతుంది. మిషను వేడెక్కిపోకుండా బ్లోయరు బయటి గాలిని లాగి లోపల ఊదుతుంది. గాలి తగ్గితే ఒక చిన్న స్విచ్చి మొత్తాన్నీ ఆపేస్తుంది. పరిగెత్తుకెళ్ళి చూస్తే బ్లోయరు తిరుగుతూనే ఉంటుంది, ఫిల్టరు శుభ్రంగా ఉంటుంది. కాసేపటికి దానంతటదే బాగైపోతుంది!"

"రోజూనా?"

"రోజూ కాదు. మధ్యలో ఒక వారం అసలు ఆగనేలేదు. మా ఆవిడ ఊరెళితే నేనే చెయ్యి కాల్చుకున్నాను, అందుకని బాగా గుర్తు."

"మరి చంపడం మాటేమిటి?"

ఆయన గొంతు తగ్గించాడు. "కరెంటు తీసేసినా మిషను కడుపులో కొంత మిగిలే ఉంటుంది. అందుకని తలుపు తీయగానే లోపల ఎర్తు కడ్డీ తగిలిస్తాం. ఆ మిగిలింది భూమిలోకి దిగిపోతుంది. అది తగిలించకుండా చెయ్యి పెడితే మనిషి బొగ్గే. మొన్నామధ్య, మిషను ఆగడం మొదలవకముందే, నేను చెయ్యి పెట్టబోతుంటే మా బావమరిది నా రెక్క పట్టి అవతలికి లాగేశాడు. చూస్తే కడ్డీ మూలన ఉంది! నేను తగిలించాను మేడమ్. ఎవరో తీసేశారు."

"గదిలో ఇంకెవరున్నారు?"

"నేనూ వాడే. నా కిందే టెక్నీషియను. పని నేర్పింది నేనే." ఆయన గ్లాసు బల్లమీద పెట్టాడు. "నేను పోతే నా సీటు వాడిదే."

అసిస్టెంటు బుర్ర గిర్రున తిరిగింది. చంపాలనుకున్నవాడు రెక్క పట్టి ఎందుకు లాగుతాడు? లాగినవాడు కడ్డీ ఎందుకు తీస్తాడు?

వాళ్ళు కొండమీదికి చేరేసరికి ఉదయం ప్రసారం ముగిసింది. స్టేషన్ ఆఫీసరు ఆ రోజు తనిఖీకి వచ్చి ఉన్నాడు. డిటెక్టివ్ అడగకముందే అన్నీ చెప్పేశాడు.

"ఆయన్ని ఊళ్ళో ఆఫీసుకి మార్చమని పైకి రాసిన మాట నిజమే. మిషను ఇలా మాటిమాటికీ ఆగుతుంటే నన్ను కదా పట్టుకుంటారు! అంతేగానీ నేను ఆపలేదు. ఆగినప్పుడల్లా నేను స్టూడియోలోనే ఉన్నాను, కావాలంటే అక్కడ ఎవరినైనా అడగండి."

ట్రాన్స్‌మిటర్ హాలు ఆస్పత్రంత శుభ్రంగా ఉంది. గోడపొడవునా మనిషికన్నా ఎత్తయిన ఇనుప బీరువాలు, వాటికి చిన్న చిన్న అద్దాల కిటికీలు. బావమరిది చేతులు కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. బక్కపల్చని మనిషి. అతని కళ్ళు మాత్రం బావను వదలడం లేదు.

"మేము ఎలా చేస్తామో చూడండి," అంటూ టవర్ బాబాయి మెయిన్ ఆపాడు. బీరువా తలుపు తీశాడు. కొసన కొక్కెం ఉన్న పొడుగాటి కడ్డీ తీసుకుని లోపల తగిలించాడు.

"ఫిల్టరు ఎక్కడుంటుంది?" డిటెక్టివ్ అడిగింది.

ఆయన ఆమెను హాలు చివరికి తీసుకెళ్ళాడు. అసిస్టెంటు ఈసారి మోసపోదలచుకోలేదు. బావమరిది మీదనుంచి చూపు తిప్పితే ఒట్టు. అతను గుమ్మం దగ్గర నుంచి అంగుళం కదల్లేదు. అవతలనుంచి టవర్ బాబాయి గొంతు వినిపిస్తోంది. "మిషను వేడెక్కిపోకుండా బ్లోయరు బయటి గాలిని లాగి లోపల ఊదుతుంది మేడమ్. గాలి తగ్గితే ఒక చిన్న స్విచ్చి మొత్తాన్నీ ఆపేస్తుంది." పొద్దున చెప్పిందే, పొల్లుపోకుండా. పాపం, మేడమ్‌కు అర్థం కాలేదనుకున్నాడేమో అనుకున్నాడు అసిస్టెంటు.

వెనక్కి వచ్చిన టవర్ బాబాయి కెవ్వున అరిచాడు. "చూశారా! చూశారా మేడమ్!"

కడ్డీ మూలన ఆనించి ఉంది.

బావమరిది మొహం పాలిపోయింది. నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. అసిస్టెంటు చూస్తూనే ఉన్నాడు. ఆ మనిషి కదల్లేదు. ఆఫీసరు పక్కగదిలో ఫోను మాట్లాడుతున్నాడు. మరి కడ్డీకి కాళ్ళొచ్చాయా?

డిటెక్టివ్ అసిస్టెంటు వైపు తిరిగింది. "వెనకవైపు చూద్దాం పద," అంది.

హాలు వెనక గోడకు పెద్ద ఇనుప జల్లెడ ఉంది. బ్లోయరు గాలి లాగేది అక్కడినుంచే. అంచులంతా దుమ్ము పేరుకుంది, నడుమ మాత్రం తుడిచినట్టుంది. జల్లెడకు ఎదురుగానే టవర్ బాబాయి క్వార్టరు. ఆయన భార్య పెరట్లో దండెం మీది దుప్పట్లు తీస్తోంది. తెల్లటి దుప్పట్లు. ఒక్కదానికి మాత్రం నడుమన బూడిదరంగు చిన్న చిన్న గళ్ళున్నాయి. మధ్యలో మాత్రమే గళ్ళేమిటో, ఇదేం డిజైనో అనుకున్నాడు అసిస్టెంటు.

"రండమ్మా, టీ పెడతాను," అంది ఆవిడ. "మిషను సంగతికే వచ్చారా? అది నాకు సవతి. దానికి తుమ్మొస్తే ఈయనకు జ్వరమొస్తుంది. అన్నం దగ్గరా అదే గోల. స్విచ్చులనీ బ్లోయరనీ వినీ వినీ నేనే ఇంజనీరునైపోయాను."

"ఆయన ఆరోగ్యం ఎలా ఉంటోంది?" డిటెక్టివ్ మామూలుగానే అడిగింది.

ఆవిడ నవ్వు చప్పున ఆరిపోయింది. "బాగానే ఉంటారు," అని దుప్పట్లు గుండెకు అదుముకుని లోపలికి వెళ్ళిపోయింది. టీ మాట మరిచిపోయింది.

"మేడమ్, నాకు తలాతోకా తెలియడం లేదు," అన్నాడు అసిస్టెంటు.

"తెలుస్తుంది. ఆవిడ దగ్గర ఆ గళ్ళ దుప్పటి అడిగి పట్టుకురా."

మధ్యాహ్నం ప్రసారానికి ముందు మిషను వేడెక్కిస్తుండగా అందరినీ హాల్లోకి పిలిచింది డిటెక్టివ్. అసిస్టెంటును మాత్రం దుప్పటి ఇచ్చి హాలు వెనక్కి పంపింది. అతను దాన్ని జల్లెడ దగ్గరికి తెచ్చాడో లేదో, ఎవరో లాక్కున్నట్టు అది వెళ్ళి ఇనుప గళ్ళకు అతుక్కుపోయింది. లోపల మిషను రొద ఠక్కున ఆగింది. దుప్పటి ఊడలాగి అతను హాల్లోకి పరిగెత్తేసరికి ఎర్రలైటు వెలుగుతోంది. అందరూ టవర్ బాబాయి భార్యనే చూస్తున్నారు. ఆవిడ తల వంచుకుని ఉంది.

"మిషను ఆపడానికి మార్గాలు చాలా ఉన్నాయి," అంది డిటెక్టివ్. "తీగ కోయొచ్చు, ఫ్యూజు పీకొచ్చు. కానీ ఈ మనిషి మిషనుకు గీత పడకుండా, ఎవరికీ దెబ్బ తగలకుండా ఆపే దారి వెతుక్కుంది. అంటే దీని గుట్టు తెలిసిన మనిషి, కీడు కోరని మనిషి. ఆవిడ ఊళ్ళో లేని వారం మిషను ఆగలేదు. దుప్పటి మీద జల్లెడ గళ్ళు అచ్చు దిగాయి. ఎందుకమ్మా?"

"బదిలీ చేస్తారని," అంది ఆవిడ, వినీ వినపడకుండా. "మా తమ్ముడు చెయ్యి పట్టి లాగిన సంగతి నాకు చెప్పాడు. డాక్టరు దగ్గరికి రమ్మంటే ఈయన రారు. ఉద్యోగం మానమంటే మానరు. మిషను పదేపదే ఆగితే ఊళ్ళో కుర్చీలో కూర్చోబెడతారు కదా అనుకున్నాను."

టవర్ బాబాయి మొహం జేవురించింది. "ఇన్నేళ్ళు ఒక్క పూట ఆగకుండా చూసుకున్నాను! నా పరువు తీస్తావా? అదీ దుప్పటితో!"

"అది ఆగితే మళ్ళీ నడుస్తుందండీ. మీరు ఆగిపోతే?"

ఆయన గిరుక్కున డిటెక్టివ్ వైపు తిరిగాడు. "సరే, మిషను సంగతి తేలింది. కడ్డీ ఎవరు తీశారు? అది చెప్పండి."

డిటెక్టివ్ వెళ్ళి ఆయన పక్కన నిలబడింది. "పొద్దున మీ బావమరిది గుమ్మం వదల్లేదు. మా అసిస్టెంటు రెప్ప వేయకుండా చూశాడు. ఆఫీసరుగారు పక్కగదిలో ఉన్నారు. నేను ఫిల్టరు ఎక్కడని అడగ్గానే మీరు నాతో బయల్దేరుతూ కడ్డీ తీసి మూలన పెట్టారు. నేను పక్కనే ఉన్నాను, చూశాను. బ్లోయరు గురించి మా ఆఫీసులో చెప్పిన మాటలే ఇక్కడ మళ్ళీ చెప్పారు. చెప్పానన్న సంగతి మీకు గుర్తులేదు."

"నేనా?" అన్నాడాయన. "నేనే తీశానా?"

"మీరే. మిమ్మల్ని ఎవరూ చంపాలని చూడలేదు. పిచ్చీ కాదు. మరపు. అది దేనివల్లో డాక్టరు చెప్పాలి. మందుతో తగ్గేదీ కావచ్చు."

అసిస్టెంటు పెన్ను మూత పెట్టేశాడు. దోషి దొరికితే సంతోషిస్తాననుకున్నాడు. ఇప్పుడు ఎటు చూడాలో తెలియక తన బూట్లకేసి చూసుకున్నాడు.

టవర్ బాబాయి తన రెండు చేతులనూ తిప్పి తిప్పి చూసుకున్నాడు, ఎవరివో అన్నట్టు. తర్వాత బావమరిది వైపు తిరిగాడు.

"నీకు తెలుసా?"

"అనుమానంగా ఉంది బావా. ఇవాళ కళ్ళారా చూశాను."

"మరి చెప్పవేంరా? నిన్ను హంతకుడన్నాను కదరా వీళ్ళ దగ్గర!"

"అనుకోనీ అని ఊరుకున్నాను. నామీద అనుమానముంటే జాగ్రత్తగా ఉంటావు కదా అని."

ఆయన అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆఫీసరు గొంతు సవరించుకుని, ప్రసారం వేళవుతోందని, మిషను ఎవరు నడుపుతారని మెల్లగా అడిగాడు.

"వాడు నడుపుతాడు సార్," అన్నాడు టవర్ బాబాయి. "నాకన్నా బాగా నడుపుతాడు."

బావమరిది స్విచ్చి వేశాడు. మిషను రొద నెమ్మదిగా అందుకుంది. ఆ చప్పుడు సరిగ్గా పలికేదాకా టవర్ బాబాయి చెవి ఒగ్గి విని, భార్య దగ్గరికి నడిచాడు.

"డాక్టరు ఎన్నింటిదాకా ఉంటాడు?"

"సాయంత్రం దాకా."

"అయితే పద," అన్నాడు.